ముడతలు తుడవని కుంచె
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంగారెడ్డి కలెక్టరేటులో 32 ఏళ్లు ఫైళ్లు రాసినవాణ్ణి, బొమ్మల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. కారణముంది. మా ఇంటామె పోయినప్పుడు ఫోటో పెద్దది చేయించాను. స్టూడియో అబ్బాయి "కొంచెం టచప్ చేయమంటారా సార్?" అన్నాడు. సరేనన్నాను. దశదినకర్మనాడు వచ్చిన పటంలో ఆమె తెల్లగా, నున్నగా ఉంది. కట్టెల పొయ్యి ముందు కమిలిన చెంపలు లేవు, నుదుటి గీతలు లేవు. దండ వేశాను గాని ఎవరికి వేశానో తెలియలేదు.

తర్వాత మా మనవరాలు లక్ష్మాగౌడ్ గారి బొమ్మల పుస్తకం చూపింది. ఆయన 1940లో మన ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ గారి శిష్యులు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఎచింగ్ ఆయన చేతిలో పండిన విద్య. లోహపు రేకుకు మైనం పూత పూసి సూదితో గీస్తారు. ఆసిడ్‌లో ముంచితే గీసినచోటే తింటుంది. (పటాన్‌చెరు వారికి ఆసిడ్ గుణం నేను చెప్పాలా!) ఆ గాట్లలో సిరా నింపి కాగితం మీద అచ్చొత్తుతారు. గీతలు ఒత్తుగా ఉన్నచోట ఒళ్లు నలుపు, పలుచనైనచోట వెలుగు. మన పల్లె మనుషుల ఒళ్లు ఎండకు కాగినట్టే కనబడుతుంది.

ఇదే పంతం లండన్‌లో రంగులతో పట్టినవాడు లూసియన్ ఫ్రాయిడ్ (1922–2011). మొదట్లో సన్న కుంచెలతో నున్నగా వేసేవాడు. 1950లలో పంది వెంట్రుకల బిరుసు కుంచె పట్టాడు. ఒక్కో పూతకు కుంచె తుడిచి, రంగు మళ్లీ కలుపుకునేవాడట. అందుకే ఒక్క చెంపలోనే ఎరుపు, పసుపు, బూడిద రంగు కనిపిస్తాయి. రంగు ముద్దగా పేరుకొని కండలా బరువుగా ఉంటుంది. 1995 నాటి బొమ్మలో సోఫా మీద నిద్రపోతున్న స్థూలకాయురాలు ఎవరనుకున్నారు? మన బాపతే, ప్రభుత్వ భృతి ఆఫీసులో సూపర్‌వైజరు! ఆ బొమ్మ 2008లో 3.36 కోట్ల డాలర్లకు పోయింది. మనం సీట్లో కునికితే మెమో వచ్చేది.

ఆ పుస్తకం మూసి బీరువా వెతికాను. పెన్షన్ కాగితాలకు తీయించిన జాయింట్ ఫోటో కాపీ ఒకటి మిగిలింది. "ఒక్క ముడత కూడా తీయకు బాబూ" అని చెప్పి, ఆమె వరకే పెద్దది చేయించాను. కత్తిరించిన అంచున నా భుజం కొంచెం మిగిలిపోయింది. ఉండనిచ్చాను.