కొలతకు ఎక్కని హక్కులు
(ధర్మపురిలో సరిహద్దు తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)



వనరుల దోపిడి అనగానే గొడ్డలి, గునపం గుర్తుకు వస్తాయి. న్యాయవాదిగా నాకు మొదట గుర్తుకు వచ్చేది కాగితం.

1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను ఏలుబడిలోని బారామహల్ ఈస్టిండియా కంపెనీ వశమైంది. అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో ఇక్కడి పొలాలను కొలిపించి రైతుల వారీగా శిస్తు కట్టారు. రైత్వారీ విధానం రూపుదిద్దుకొన్నది ఈ గడ్డమీదనే. పట్టాకెక్కిన పొలం రైతు పేర నిలిచింది. ఎక్కని బీడు, అడవి క్రమంగా సర్కారు సొత్తయ్యాయి. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ సొత్తుకు కంచె వేసింది. తరతరాలుగా కట్టెలు ఏరుకొన్నవారు, పశువులు మేపుకొన్నవారు చట్టం కంటికి నేరస్థులయ్యారు.

మనుషులనూ అలాగే లెక్కకట్టారు. మద్రాసు రేవునుండి తమిళులు, తెలుగువారు మారిషస్, నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా తరలిపోయారు. తమకు చదవరాని కాగితమే వారిని ఏళ్ళ తరబడి కట్టిపడేసింది.

తెల్లవారు వెళ్ళినా ఆ చూపు పోలేదు. మన జిల్లాలోని వాచాత్తి మలయాళీ గిరిజనుల ఊరు. 1992 జూన్ 20న చందనం దాచారన్న ఆరోపణతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఆ ఊరిపై పడ్డారు. 18 మంది స్త్రీలు అత్యాచారానికి గురయ్యారు. నిందితులు 269 మంది. విచారణ ముగిసేలోగా 54 మంది మరణించారు. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి న్యాయస్థానం మిగిలిన 215 మందినీ దోషులుగా తేల్చింది. 2023లో, అదే తేదీన, మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయపరచింది. 31 ఏళ్ళు మాట తప్పక నిలబడినవారు ఆ తల్లులే.

2006 అటవీ హక్కుల చట్టం పాత తప్పును కొంత సరిదిద్దింది. హక్కుల నిర్ణయం గ్రామసభ నుండే మొదలు కావాలన్నది. అడవిని కాపాడుకొనే అధికారాన్నీ దానికే ఇచ్చింది. రాసిపెట్టిన పెద్దల వాంగ్మూలం కూడా ఆ చట్టం కింద సాక్ష్యమే.

కనుక నా మనవి రెండు మాటలు. మన పిల్లలు తమిళం బాగా నేర్చి పట్టా, అడంగల్ తామే చదవాలి. తాతల నోట ఉన్న చెరువు హద్దులు, మేతబీళ్ళ పేర్లు తెలుగులోనే విని రాసిపెట్టాలి. అడవి, చెరువు నిలిచేది వాటి పేరు తెలిసినవారు గ్రామసభలో నోరు విప్పినప్పుడే.

సెలవు.