లైక్, షేర్, బాధ్యత

పరువునష్టం చట్టం నిందను రాసినవారి దగ్గరే ఆగదు. ఆ రాతను మరొకరి కంట పడేలా చేసినవారి దాకా వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం ఒకరి ప్రతిష్ఠను దెబ్బతీసే ఆరోపణ చేయడమూ నేరమే, ప్రచురించడమూ నేరమే. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ కూడా విధించవచ్చు. నష్టపరిహారం కోసం సివిల్ దావా వేరు. ఇలాంటి నేర విచారణ రాజ్యాంగబద్ధమేనని, ప్రతిష్ఠ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2016లో తేల్చింది.

షేర్ విషయంలో సందేహం తక్కువ. అరవింద్ కేజ్రీవాల్ 2018లో చేసిన ఒక రీట్వీట్‌పై వచ్చిన కేసులో, పరువునష్టం కలిగించే పోస్టును రీట్వీట్ చేయడం ప్రచురణ కిందికే వస్తుందని ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ రీట్వీట్ పొరపాటేనని ఆయన అదే నెలలో సుప్రీంకోర్టులో ఒప్పుకున్నారు.

లైక్ సంగతి అంత తేలిక కాదు. ఒక జంతు హక్కుల కార్యకర్తను నిందించే ఫేస్‌బుక్ పోస్టులను లైక్ చేసిన వ్యక్తిని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ జిల్లా కోర్టు 2017లో దోషిగా నిర్ణయించింది. లైక్ వల్ల పోస్టు కొత్తవారికి చేరి, వారు దాన్ని గమనిస్తే అది వ్యాప్తి చేసినట్టేనని ఆ దేశ ఫెడరల్ సుప్రీంకోర్టు 2020లో వివరించింది. మన దేశంలో అలహాబాద్ హైకోర్టు 2025లో వేరే దారి పట్టింది: లైక్ ప్రచురణ కాదు, షేర్ చేస్తే మాత్రం ప్రసారమే. అయితే అది అశ్లీల సమాచారానికి సంబంధించిన ఐటీ చట్టం 67వ సెక్షన్ కేసు, పరువునష్టం కేసు కాదు.

కామెంట్‌కు లెక్క వేరు. అక్కడి మాటలు కామెంట్ రాసినవారి సొంతం; కొత్త ఆరోపణ చేస్తే బాధ్యత నేరుగా వారిదే. ఆరోపణను ఖండించే కామెంట్ ఆ కోవలోకి రాదు.

చట్టం రక్షణలూ ఇచ్చింది. మాట నిజమై, దాన్ని వెల్లడించడం ప్రజాహితానికి అవసరమైతే నేరం కాదు. ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణపై సద్భావంతో చెప్పిన అభిప్రాయమూ అంతే. కానీ సత్యాన్ని రుజువు చేయాల్సింది ఆ రక్షణ కోరినవారే. షేర్ చేసినవారి చేతిలో ఆ రుజువు తరచూ ఉండదు. పోస్టును తర్వాత తొలగించినా, అప్పటికే జరిగిన ప్రచురణ చెరిగిపోదు.

ఈ జాగ్రత్త కొత్తతరానికి మరీ ముఖ్యం. నేడు పట్టాలు అందుకుంటున్న యువతీయువకులు రేపు న్యాయవాదులుగా, అధికారులుగా, పాత్రికేయులుగా ఇతరుల పేరుప్రతిష్ఠలతో వ్యవహరించబోతున్నారు. రుజువు చేయలేని నిందను ముందుకు పంపకపోవడం వారి తొలి వృత్తిధర్మం కావాలి.