పసిపిల్లల వినికిడి లోపం – తాతయ్యలు, అమ్మమ్మల బాధ్యత
(జూబిలీ హిల్స్‌లో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, హెల్త్ కార్డులు చర్చించుకునే వేదికపై చంటిపిల్లల చెవుల గురించి మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో వినికిడి పరీక్షల విభాగంలో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరయినదాన్ని. ఆ గదిలోకి బిడ్డను ఎత్తుకొచ్చేది తల్లే. కాని ఎప్పుడు తీసుకురావాలన్నది చాలా ఇళ్ళలో నిర్ణయించేది పెద్దవాళ్ళు. కనుక ఈ విషయం మనదే.

"వీళ్ళ నాన్నకూ నాలుగో ఏటగాని మాటలు రాలేదు", "మగపిల్లాడు, నిదానంగా మాట్లాడతాడులే" అని మనం అంటాం. ప్రేమతోనే అంటాం. ఈలోగా రెండేళ్ళు గడిచిపోతాయి. "పళ్ళెం కింద పడేస్తే తిరిగి చూశాడండీ" అని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. నేల అదిరినా, నీడ కదిలినా బిడ్డ తిరిగి చూస్తాడు. అది పరీక్ష కాదు. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి కొద్ది నిమిషాల్లో చేసే ఓ.ఏ.ఇ. పరీక్ష ఉన్నది. అందులో అనుమానం వస్తే బేరా పరీక్ష ఉన్నది. పుట్టిన నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్స ప్రారంభం అని వైద్యలోకం ఒప్పుకున్న లెక్క.

ఇంత తొందర ఎందుకంటారా? శబ్దాన్ని పట్టేది చెవి అయినా, దానికి అర్థం చెప్పేది మెదడు. మొదటి మూడు నాలుగేళ్ళలో శబ్దం అందకపోతే, మెదడులో ఆ పనికి ఉద్దేశించిన భాగం ఇతర పనులకు అలవాటుపడిపోతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

కారణాలు అనేకం. మేనరికాలు మన తెలుగువారిలో ఎక్కువ. వంశపారంపర్యంగా వచ్చే చెవుడుకు అదొక దారి. గర్భిణికి రుబెల్లా సోకడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడువాపు కూడా కారణాలే. రుబెల్లా టీకా 2017లో మన రెండు రాష్ట్రాలలో ప్రభుత్వ కార్యక్రమంలో చేరింది. మనుమలకు తప్పక వేయించండి. కారణం ఏదైనా కోడలిని నిందించడం మాత్రం కూడదు. ఆమె అప్పటికే కుమిలిపోతుంటుంది.

లోపం ఓ మోస్తరుదైతే చెవి మిషను చాలు. చాలా తీవ్రమైనదై, మిషను పెట్టి కొన్ని నెలలు చూసినా ఫలితం లేకపోతే, అప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ ఆలోచిస్తారు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం కాక్లియా. అందులో సన్నని తీగ అమర్చి, వినికిడి నరానికి నేరుగా విద్యుత్ సంకేతాలు అందించడమే ఈ పద్ధతి. ఆస్ట్రేలియాకు చెందిన డాక్టర్ గ్రేమ్ క్లార్క్ 1978లో మెల్‌బోర్న్‌లో అనేక ఎలక్ట్రోడ్లు గల పరికరాన్ని అమర్చారు. ఆయన తండ్రికి చెవుడు. మెలికల కాక్లియాలోకి తీగను ఎలా పంపాలా అని మథనపడి, ఆయన సముద్రతీరాన దొరికిన గుల్లలోకి గడ్డిపోచ దూర్చి చూసి కిటుకు గ్రహించారట. అమెరికాలో 1990లో పిల్లలకు అనుమతి లభించింది.

ఫిలింనగర్ వాసులకు దీన్ని వివరించడం సులభం. రీరికార్డింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీరు ముందు వరుసగా మీటలుంటాయి. ఏ ట్రాక్ ఎంత వినబడాలో ఆయన సరిచేస్తాడు. ఈ పరికరంలోనూ ఒక్కొక్క ఎలక్ట్రోడ్‌కు బిడ్డ ఎంత ఓర్చుకోగలడో చూసి ఆడియాలజిస్టు స్థాయి నిర్ణయిస్తారు. దీన్నే మ్యాపింగ్ అంటారు. సినిమా ఒకసారి మిక్సింగ్ అయితే పని పూర్తి. బిడ్డకు మ్యాపింగ్ ఏళ్ళ తరబడి సాగుతుంది.

ఆపరేషన్‌కు ముందు స్కానింగులు తీసి వినికిడి నరం ఉన్నదో లేదో చూస్తారు. నరం లేకపోతే ఈ పరికరం వల్ల ప్రయోజనం లేదు. న్యుమోకాకల్ టీకాలు వేయిస్తారు. ఆపరేషన్ రెండు మూడు గంటలు. గాయం మానాక, మూడు నాలుగు వారాలకు పరికరాన్ని ఆన్ చేస్తారు. ఆనాడే "అమ్మా" అంటాడని ఎదురుచూడకండి. చాలామంది పిల్లలు ఆ క్షణాన బెదిరి ఏడుస్తారు. వాడు శబ్దలోకంలో ఆనాడే పుట్టాడని లెక్క. వారం వారం స్పీచ్ థెరపీ, ఇంట్లో రోజంతా మాటలు, ఇలా ఏళ్ళు పట్టే సాధన అది.

ఇక ఖర్చు. ఒక చెవికే లక్షల్లో అవుతుంది. 1988లో జూబిలీ హిల్స్‌లో అపోలో ఆసుపత్రి వెలిసినప్పటి నుంచి పెద్ద వైద్యం మన గుమ్మంలోకి వచ్చింది నిజమే. కాని అదే కొండ దిగువ బస్తీలలో ఉండే లైట్‌మాన్‌కో, జూనియర్ ఆర్టిస్టుకో లక్షలెక్కడివి? 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీలో ఈ చికిత్సకు కూడా చోటు కల్పించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం పేరు 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. కేంద్రప్రభుత్వ ఆడిప్ పథకంలో 2014 నుంచి ఇంప్లాంట్లు ఇస్తున్నారు. దాని నిర్వహణ చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రమున్నది. ఆ పేరుగల మహనీయుడు మన హైదరాబాదీయే, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినవారు. కోఠీ ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రిలోనూ ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. అన్ని పథకాలకూ వయఃపరిమితి, ఆదాయ పరిమితి ఉంటాయి. ఒక్క నెల జాప్యంతో అర్హత పోయి తల్లిదండ్రులు కుప్పకూలిన సందర్భాలు కళ్ళారా చూశాను.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. చెవి వెనుక తగిలించే ప్రాసెసర్‌కు బ్యాటరీలు కావాలి, తీగ తెగుతుంది, కాయిల్ పాడవుతుంది. వారంటీ అయిపోయాక విడిభాగం కొనడానికి వేలు, ప్రాసెసరే మార్చాలంటే లక్షలు. డబ్బు లేక పెట్టె సర్దేస్తే, అప్పటిదాకా విన్న పిల్లవాడు మళ్ళీ నిశ్శబ్దంలోకి జారిపోతాడు. మొదట వినిపించకపోవడం కన్నా అది ఎక్కువ బాధ.

మరొక మాట. ఇంప్లాంట్ పెట్టించలేకపోయినా, వద్దనుకున్నా ఆ బిడ్డ బతుకు చీకటి కాదు. సంజ్ఞాభాష కూడా భాషే. దాని అభివృద్ధికి 2015లో ఢిల్లీలో జాతీయ కేంద్రం ఏర్పడింది. ఏదో ఒక భాష సకాలంలో అందడం ముఖ్యం. ఏ భాషా అందకుండా బాల్యం గడిచిపోవడమే అన్యాయం.

మిషను పెట్టుకోవడానికి సిగ్గుపడకూడదు. 2018లో వచ్చిన 'రంగస్థలం' సినిమాలో హీరోకే వినికిడి తక్కువ, మిషనంటే మొహమాటం. మనలో ఎంతమంది జేబులో పెట్టుకు తిరుగుతున్నారో నాకు తెలుసు! తాతగారు పెట్టుకుంటే మనుమడూ పెట్టుకుంటాడు.

చివరిగా మూడు విన్నపాలు. ఇంట్లో బిడ్డ పుడితే వినికిడి పరీక్ష మీరే అడిగి చేయించండి. థెరపీకి తీసుకెళ్ళే పని మీ చేతుల్లోకి తీసుకోండి. ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులకు లేని తీరిక మనకున్నది. కథలు చెప్పడం, కూరలు తరుగుతూ వాటి పేర్లు చెప్పడం మనకన్నా బాగా ఎవరికి వచ్చు? మూడోది, మన సంఘం ఏటా కొంత సొమ్ము కేటాయించి, ఈ చుట్టుపక్కల బస్తీలలో ఇంప్లాంట్ ఉన్న పేదపిల్లలకు బ్యాటరీలు, తీగలు కొనిపెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నా వంతుగా ఒక నెల పెన్షన్ ఈరోజే కోశాధికారిగారికి అందజేస్తున్నాను.