దరఖాస్తుకు ముందు దస్తరం

(మైనారిటీ హక్కుల కార్యకర్తల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల సభలో ఎండల గురించీ వానల గురించీ మాట్లాడడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. 2015 వేసవి వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2009 అక్టోబరులో వరద కర్నూలు పాతబస్తీని ముంచింది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో చెరువు కట్టలు తెగి హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల ఇళ్లు నీట మునిగాయి. 2024 సెప్టెంబరు తొలి దినాల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ చెరువును తలపించింది.

ఎండ గానీ వాన గానీ ఎవరి మతమూ అడగదు. అయినా దెబ్బ అందరి మీదా ఒక్క తీరుగా పడదు. నగరంలో మరెక్కడా జాగా కొనలేక, అద్దెకు ఇల్లు దొరకక, చెరువు శిఖంలోనో నాలా ఒడ్డునో నిలువ నీడ వెతుక్కున్న వారి మీదే ముందుగా పడుతుంది. రేకుల గదిలో మగ్గం పనిచేసే కళాకారుడి మీద, లక్కగాజుల కొలిమి ముందు కూర్చునే కార్మికుడి మీద, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే తల్లి మీద పడుతుంది. వారి ఇంటి కప్పు, వారి నాలా, వారి మంచినీళ్లు కూడా హక్కుల ప్రశ్నలే. అందుకే ఈ అంశాన్ని ఈ సభలో ఎత్తుతున్నాను.

ఇక డబ్బు సంగతికి వద్దాం. వాతావరణ మార్పును ఎదుర్కొనేందుకు ప్రపంచంలో నిధులు ఉన్నాయి. కానీ 2003 నుంచి 2016 వరకు వాతావరణ నిధులు ఇచ్చిన మొత్తంలో స్థానిక ప్రజల స్థాయి పనులకు కేటాయించింది పదో వంతు కన్నా తక్కువేనని లండన్‌లోని అంతర్జాతీయ పర్యావరణ, అభివృద్ధి అధ్యయన సంస్థ లెక్క తేల్చింది. ఎందుకిలా? నిధులిచ్చేవారి భాష వేరు, బస్తీ భాష వేరు. వారు నమోదు పత్రాలు అడుగుతారు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతారు, నష్టానికి ఆధారం అడుగుతారు. మన దగ్గర కష్టం ఉంది, దానికి కాగితం లేదు. కాబట్టి ఈరోజు నేను చెప్పదలచింది ఒక్కటే: దరఖాస్తుకు ముందు దస్తరం సిద్ధం కావాలి.

ఆ దస్తరంలో మొదటిది కష్టాల రిజిస్టరు. ఒక గోడగడియారం ధరకు వచ్చే ఉష్ణమాపకాన్ని కొని, రేకుల ఇంట్లో మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి పది గంటలకు ఎంత వేడి ఉన్నదో ఏప్రిల్ నుంచి జూన్ వరకు రోజూ రాయాలి. పక్కనే ఉన్న స్లాబు ఇంట్లోనూ అదే వేళకు రాయాలి. ఎండకు పని మానుకున్న రోజులెన్ని, ఆ వారం పోయిన కూలి ఎంత, ఆసుపత్రి చీటీలు ఎన్ని అనేవి ఇంటింటికీ నమోదు చేయాలి. వరద వచ్చిన గల్లీలో నీరు ఏ ఎత్తుకు లేచిందో గోడ మీద రంగుతో గీత గీసి, తేదీ వేసి, ఫొటో తీయాలి. ఈ పనికి పెద్ద చదువులు అక్కరలేదు. ఇంటర్ చదివే మన అమ్మాయిలు, అబ్బాయిలు చక్కగా చేయగలరు. ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడేందుకు అమ్మాయిలే ముందుండాలి. వేడిలో రోజంతా గడిపేది వారే కాబట్టి కొలతలోనూ నిర్ణయంలోనూ వారి మాటే మొదటిది కావాలి.

రెండవది చట్టబద్ధమైన సంస్థ. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడుగురు సభ్యులు కలిస్తే 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. మనవారు చాలాచోట్ల సంఘం ఆశయాలలో ‘ముస్లింల సంక్షేమం కోసం’ అని రాసుకుంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఒక నిర్దిష్ట మతవర్గం ప్రయోజనం కోసమే అని రాసుకున్న సంస్థకు ఆదాయపు పన్ను చట్టం విరాళాల మినహాయింపు గుర్తింపు ఇవ్వదు. అది లేని సంస్థను కంపెనీల సామాజిక బాధ్యతా నిధి పక్కన పెడుతుంది. అందుచేత మస్జిద్ కమిటీ మస్జిద్ కమిటీగానే ఉండనివ్వండి. దానికి వేరుగా, ఈ ప్రాంత నివాసులందరి కోసం అనే ఆశయంతో ఇంకో సంఘాన్ని నెలకొల్పండి. ఇది కేవలం కాగితం కోసం చేసే సర్దుబాటు కాదని గుర్తుంచుకోండి. మన బస్తీలలో గోడకు గోడ ఆనుకుని దళిత కుటుంబాలు, బీసీ కుటుంబాలు ఉన్నాయి. నాలా పొంగితే రెండు ఇళ్లూ మునుగుతాయి. కార్యవర్గంలో వారికి చోటు ఉన్నప్పుడే ‘అందరి కోసం’ అన్న మాట నిజమవుతుంది.

సంఘం పేరిట బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, ఆదాయపు పన్ను నమోదులు, నీతి ఆయోగ్ వారి ఎన్జీఓ దర్పణ్ సంఖ్య, ఏటేటా ఆడిట్ నివేదిక: ఇవన్నీ ఒక ఫైలులో ఉండాలి. కంపెనీల నిధి కావాలంటే సీఎస్ఆర్-1 అనే పత్రంతో కంపెనీ వ్యవహారాల శాఖ వద్ద కూడా నమోదు కావాలి. అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం ఉండాలన్నది అక్కడి నిబంధన. నిన్న పుట్టిన సంఘానికి ఆ అర్హత ఎలా వస్తుందని నిరాశపడకండి. అర్హత ఉన్న పాత సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, మొదటి మూడేళ్లు వారి దరఖాస్తులో క్షేత్ర భాగస్వామిగా పనిచేయవచ్చు. ఎవరి బాధ్యత ఏమిటి, డబ్బు ఎవరి చేతుల మీదుగా ఖర్చవుతుంది అన్నది ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఈలోగా మీ సంఘం లెక్కలు మీరు రాసుకుంటూ పోండి. మూడేళ్ల చరిత్ర అలాగే తయారవుతుంది.

ఇక నిధులు ఎక్కడ ఉన్నాయి?

ఒకటి, కంపెనీల సామాజిక బాధ్యతా నిధి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం రెండు శాతాన్ని సామాజిక పనులకు వెచ్చించాలి. ఆ పనుల జాబితాలో పర్యావరణ పరిరక్షణ, విపత్తు నిర్వహణ ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. కాబట్టి ముంబయిలో ఉన్న పెద్ద పేర్లకు ఉత్తరాలు రాసే ముందు, మన బస్తీకి దగ్గరలో ఎవరి ఫ్యాక్టరీ ఉంది, ఎవరి గోదాము ఉంది అని చూడండి. కాటేదాన్, చర్లపల్లి, పటాన్‌చెరు వైపు ఉన్నవారు ఈ కోణంలో ఆలోచించాలి. కొత్త ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక జనవరి నాటికే మీ ప్రతిపాదన వారి బల్ల మీద ఉండడం మేలు.

రెండు, ప్రపంచ పర్యావరణ సదుపాయం వారి చిన్న గ్రాంట్ల కార్యక్రమం. 1992లో మొదలైన ఈ కార్యక్రమాన్ని ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ నడుపుతోంది. ప్రజా సంఘాలకు నేరుగా, సాధారణంగా 50 వేల డాలర్ల లోపు గ్రాంట్లు ఇవ్వడం దీని పద్ధతి. ఎంపిక చేసిన ప్రాంతాలకే పిలుపు ఇస్తారు కాబట్టి పిలుపు వచ్చినప్పుడు మన జిల్లా అందులో ఉందో లేదో ముందు చూడాలి. సంఘం తన వాటాగా శ్రమనో స్థలాన్నో డబ్బునో జోడించాలని కూడా అడుగుతారు.

మూడు, ప్రభుత్వ పథకాలు. మైనారిటీ ప్రాంతాల్లో మౌలిక వసతుల కోసం 2008-09లో మొదలై, 2018లో ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమ్ అని పేరు మారిన పథకం ఉంది. తాగునీరు, పారిశుధ్యం వంటివి దాని పరిధిలోనివే. ప్రతిపాదనలు జిల్లా స్థాయి కమిటీ నుంచి పైకి వెళ్లాలి. అక్కడ అడిగేవారు లేకపోతే ప్రతిపాదనే పుట్టదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకు అది తప్పనిసరి. అరవై గజాల రేకుల ఇంటికి మాత్రం ఐచ్ఛికం. వేడి ఎక్కువగా ఉన్నచోట విధానం ఐచ్ఛికమైంది కాబట్టి, ఆ ఖాళీని పూరించే పనికి సాయం కోరుతున్నామని మన దరఖాస్తులో ధైర్యంగా రాయవచ్చు.

నాలుగు, మన సొంత నిధి. శుక్రవారం సదఖా, అతియాలతో పది ఇళ్ల కప్పులకు తెల్లరంగు వేయగలం. మస్జిద్‌లో వుజూ నీటిని మొక్కలకు, ఇంకుడు గుంతకు మళ్లించగలం. జకాత్ సొమ్ము విషయంలో మాత్రం ఉలమాను సంప్రదించే ముందుకు వెళ్లాలి. సొంత డబ్బుతో చేసిన పది ఇళ్ల పని, కొలిచిన వేడి తేడాతో సహా చూపిస్తే, వంద ఇళ్ల గ్రాంటుకు అంతకన్నా మంచి సిఫారసు ఉండదు. అహ్మదాబాద్ పేద బస్తీలలో మహిళా హౌసింగ్ ట్రస్ట్ వారు ఇలాగే రేకుల కప్పులకు వేడిని తిప్పికొట్టే తెల్లరంగు వేయించి దేశానికి దారి చూపారు. మన జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాలు పండించే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. ఆ సంస్థ పని మొదలుపెట్టింది 1983లో. గుర్తింపు కన్నా పని ఎన్నేళ్లు ముందుందో గమనించండి.

గల్ఫ్‌లో, అమెరికాలో బంధువులున్న కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వారి కోసం ఒక హెచ్చరిక. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన విరాళాన్ని చట్టం విదేశీ విరాళంగా చూడదు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్న వ్యక్తి పంపితే, సొంత తమ్ముడైనా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ నమోదు లేదా ముందస్తు అనుమతి లేని సంఘం ఆ డబ్బును ముట్టకూడదు. నమోదు ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును వేరే సంస్థకు బదలాయించడాన్ని 2020 సవరణ నిషేధించింది. పంపినవారి పాస్‌పోర్టు నకలును రసీదుకు జతచేసి ఉంచుకోండి. మన సంస్థల మీద చూపు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. సదుద్దేశంతో చేసిన చిన్న పొరపాటు సంఘాన్నే మూయించగలదు.

దరఖాస్తు రాసేటప్పుడు ‘వాతావరణ మార్పు ప్రపంచానికి పెను సవాలు’ అని మొదలుపెట్టకండి. అది వారికి తెలుసు. ఏ బస్తీ, ఎన్ని ఇళ్లు, మీ రిజిస్టరులో ఏమి తేలింది, ఏ పని చేస్తారు, ఎన్ని నెలల్లో చేస్తారు అన్నది మొదటి పేజీలోనే ఉండాలి. రంగు, కూలి, నిచ్చెనలు, ప్రయాణం, ఆడిట్ ఫీజు విడివిడిగా చూపాలి. రంగు వెలిసిపోయాక మళ్లీ ఎవరు వేయిస్తారో చెప్పాలి. పనికి ముందు, తర్వాత వేడి ఎంత ఉందో ఎలా కొలుస్తారో చెప్పాలి. అద్దె ఇళ్లయితే యజమాని అనుమతి, రంగు వేశాక రెండేళ్లు అద్దె పెంచననే మాట రాతపూర్వకంగా తీసుకోవాలి. లేకపోతే చల్లబడిన ఇంట్లోంచి పేదవాడే బయటికి పోవలసి వస్తుంది. డబ్బు వచ్చాక ప్రతి నెలా ఖర్చు లెక్కను ఉర్దూలో, తెలుగులో బస్తీ గోడకు అంటించండి. పై ఆడిట్ కన్నా ముందు మనవాళ్ల ఆడిట్ జరగాలి.

చివరగా, గ్రాంటు హద్దును గుర్తుంచుకుందాం. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టింది ప్రభుత్వమే, విరాళాల సంఘాలు కావు. కప్పుకు రంగు మనం వేసుకోగలం. నాలా వెడల్పు చేయడం, చెరువు కట్ట కాపాడడం, ముంపు ఇళ్లవారికి న్యాయమైన పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి హైదరాబాద్‌లో వరద ముప్పు తగ్గించడానికి 250 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో ఎంత వచ్చింది, ఏ నాలా మీద ఖర్చయింది, మన వార్డుకు ఎంత దక్కింది అని సమాచార హక్కు చట్టం కింద అడగడం మన పని. అడిగేటప్పుడు చేతిలో ఉండవలసింది గోడ మీది ఆ గీతల ఫొటోలు, ఆ ఉష్ణమాపకం లెక్కలే. ఒకే దస్తరం గ్రాంటుకూ పనికొస్తుంది, హక్కు అడగడానికీ పనికొస్తుంది.

కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లాక ప్రతి బస్తీ నుంచి ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు బాధ్యత తీసుకోవాలి. ఒక రిజిస్టరు, ఒక ఉష్ణమాపకం కొనాలి. వచ్చే వేసవి దాటేసరికి మూడు నెలల లెక్క మన చేతిలో ఉండాలి. తర్వాతి సదస్సుకు వచ్చేటప్పుడు ఆ రిజిస్టర్లు తీసుకురండి. దరఖాస్తులు అందరం కలిసి కూర్చుని రాద్దాం.