సర్పంచ్ ఎన్నికలు - వివాదాలు - మన జాగ్రత్త



మండల పరిషత్ కార్యాలయంలో గుమాస్తాగా ఎన్నో పంచాయతీ ఎన్నికలను దగ్గరనుండి చూశాను. ఒక సంఘటన నేటికీ మరువలేను. మనవారొకరు సర్పంచ్ పదవికి పోటీచేసి 11 ఓట్ల తేడాతో ఓడిపోయారు. మర్నాడు ఉదయమే ఓటర్ల జాబితా చేతబట్టుకొని నా వద్దకు వచ్చారు. 'షేక్' అన్న ఇంటిపేరుతో ఒకే పేరుగల పలువురు స్త్రీలను ఒక్కరుగా లెక్కగట్టి, 20కి పైగా పేర్లు తొలగించారు. అది అన్యాయమే. కాని ముసాయిదా జాబితాను పంచాయతీ కార్యాలయం గోడకు అంటించిన రోజుల్లో దానిని చదివినవారు మన వాడలో ఒక్కరూ లేరు. పంచాయతీ జాబితాకు శాసనసభ ఓటర్ల జాబితాయే ఆధారం. అక్కడ పోయిన పేరు ఇక్కడా పోతుంది.

ఇక చట్టం సంగతి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. 243-ఓ అధికరణం ప్రకారం పంచాయతీ ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారానే ప్రశ్నించాలి. ప్రకటన మొదలు ఫలితం వరకు సాగే ప్రక్రియ యావత్తూ 'ఎన్నికే'నని, నామినేషన్ తిరస్కరించినా మధ్యలో రిట్ వేయరాదని 1952లో పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది శాసనసభ ఎన్నికపై వచ్చిన తీర్పు అయినా, 243-ఓ వెనుక ఉన్నది ఆ సూత్రమే. మన రాష్ట్రాల్లో గ్రామపంచాయతీ పిటిషన్లను జూనియర్ సివిల్ జడ్జి ట్రిబ్యునల్‌గా విచారిస్తారు. వాయిదాలతోనే పదవీకాలంలో సగం గడిచిపోయిన కేసులు నేనెరుగుదును.

చట్టం ప్రకారం సర్పంచ్ ఎన్నిక పార్టీలకు అతీతం. ఊళ్లో మాత్రం ఏ అభ్యర్థి వెనుక ఏ నాయకుడున్నాడో పసిపిల్లలకూ తెలుసు. ఏకగ్రీవమైతే ప్రోత్సాహక నిధులు వస్తాయని రచ్చబండ వద్ద పెద్దలు నచ్చజెబుతారు. మసీదు ప్రహరీకి విరాళమిస్తామంటే మనవారే నామినేషన్ ఉపసంహరించుకున్న ఊళ్లున్నాయి. పోటీనుండి తప్పుకొనేందుకు సొమ్మివ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. గోడ లేచింది, అయిదేళ్లపాటు మన వీధి మురుగుకాలువ గురించి అడిగే నోరు పోయింది.

కనుక నా మనవి ఇది. ముసాయిదా జాబితా వెలువడిన నాడే ఇంటింటి పేర్లూ సరిచూడండి. అభ్యంతరాన్ని వ్రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. రీకౌంటింగ్ కావాలంటే ఫలితం ప్రకటించకముందే కారణాలు చూపి వ్రాసి అడగండి. పక్క వాడలోని దళిత, బీసీ సోదరుల పేర్లు గల్లంతైనా వారితోపాటు నిలబడండి.

నాడు ఆ అభ్యర్థికి నేను ఇవ్వగలిగింది ఓదార్పు మాత్రమే. మరొకరికి ఆ గతి పట్టకూడదు.