‘ఎందుకు?’ అన్న ప్రశ్న



నర్సువృత్తి చేపట్టదలచిన మన బాలికలకు ఒక్క మాట.

1854 నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ స్కుటారి సైనిక వైద్యశాలకు చేరారు. అక్కడ గాయాలకంటె వ్యాధులే ఎక్కువమందిని బలిగొన్నాయి. పోషకాహార లోపమూ, సామగ్రి కొరతా అందుకు కారణమని ఆమె తొలుత తలచారు. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగుకాలువలు శుభ్రపరచి, గదులకు గాలి వచ్చే ఏర్పాటు చేయగా మరణాలు తగ్గాయి. యుద్ధానంతరం లెక్కలు పరిశీలించిన ఆమె తన తొలి అభిప్రాయాన్ని సరిదిద్దుకొని, 1858లో ఆ సత్యాన్ని పటాలుగా గీసి చూపారు.

ఆమె చేతి దీపాన్ని స్మరిస్తాం. ప్రశ్నించిన బుద్ధిని మరువరాదు. రోగి నాడి వేగం పెరిగితే పట్టికలో వ్రాసి ఊరుకోక, కారణం ఆలోచించి వెంటనే వైద్యునికి తెలిపే నర్సే ప్రాణదాత. ఆ అలవాటుకు బీజం పడేది బాల్యంలోనే. కనుక పిల్లలు ‘ఎందుకు?’ అన్నప్పుడు ఇంట మీరూ, బడిలో మేమూ కసరకుందుము గాక!