బొమ్మ మన వెంట రావాలి, సమ్మతి మన నుడిలో ఉండాలి
(నంగలి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నంగలికి పడమట ముళబాగిలు, కోలారు. తూర్పున పలమనేరు, చిత్తూరు. జబ్బు చేస్తే మనం రాష్ట్రాల పొలిమేర చూసుకోము. కాని మన వైద్యచరిత్ర ఆ పొలిమేర దాటి మన వెంట రావడం లేదు. మా పెద్దమ్మకు ఒక ఊరిలో తలకు సీటీ స్కానింగు తీశారు. ఆ ఫిలిమును సెల్‌ఫోనులో ఫోటో తీసి పొరుగు రాష్ట్రపు వైద్యునికి చూపితే, మళ్లీ తీయించమన్నారు. ఖర్చు రెండింతలైంది, రెండు రోజులు వృథా అయ్యాయి.

వైద్యుని తప్పేమీ లేదు. సీటీ యంత్రం సాధారణంగా నాలుగు వేలకు పైగా బూడిదరంగు ఛాయలను నమోదు చేస్తుంది. మామూలు ఫోటోలో 256కు మించి మిగలవు. అసలు బొమ్మ ‘డైకామ్’ అనే ప్రమాణంలో ఉంటుంది. 1993 నుంచి ఆ పేరుతో ఉన్న ఈ ప్రమాణం వల్లనే ఒక సంస్థ యంత్రం తీసిన బొమ్మను మరొక సంస్థ కంప్యూటరు చదవగలుగుతుంది. రోగి పేరు, తీసిన తేదీ ఆ ఫైలులోనే ఉంటాయి.

పాత బొమ్మ విలువ కోలారు బంగారు గనుల కుటుంబాలకు తెలియనిది కాదు. గని దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కు ఛాతీ ఎక్స్‌రేయే ముఖ్య ఆధారం. జబ్బు ఎంత ముదిరిందో తేల్చాలంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడాలి. గనులు 2001లో మూతపడ్డాయి; ఊపిరితిత్తుల్లోని దుమ్ము మాత్రం పోలేదు.

కనుక మూడు పనులు చేద్దాం. ఒకటి: ఫిలిముతోపాటు డైకామ్ ఫైలును సీడీలోనో పెన్‌డ్రైవులోనో అడిగి తీసుకుందాం. రోగి కోరితే వైద్య పత్రాలను 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నియమాలు చెబుతున్నాయి.

రెండు: లక్ష్మమ్మ పేరును ఇంగ్లీషులో ఒకచోట ‘కె, ఎస్, హెచ్’లతో, మరొకచోట ‘ఎక్స్’తో రాస్తే కంప్యూటరు ఇద్దరనుకుంటుంది. అన్నిచోట్లా ఒకే రాత వాడుదాం. 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల ‘ఆభా’ సంఖ్యనూ చెబుదాం. ఆ ఏర్పాటులో రికార్డు తీసినచోటే ఉంటుంది; మన సమ్మతితోనే మరొక వైద్యునికి చేరుతుంది.

మూడు: ఆ సమ్మతిని అర్థం చేసుకునే ఇద్దాం. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలుండాలని 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం అంటున్నది. ఆ 22 భాషలలో తెలుగు ఉంది. చట్టంలోని ఆ మాట ఆసుపత్రి కిటికీ దగ్గర అమలు కావాలంటే అక్కడ నిలబడి అడగవలసినది మనమే.